టోపీ వియ్యపురాలు

రాయాలన్న కోరిక నాకు చిన్నప్పటి నుంచీ ఉందని అబద్ధం చెప్పను. అక్షరాలే రానప్పుడు రాయాలన్న కోరిక ఎక్కడి నుంచి వస్తుంది? నా చిన్నప్పుడు బడి వాగుకు అవతల ఉండేది, మా మేకలు వాగుకు ఇవతల ఉండేవి. నేను మేకల వైపు ఉండిపోయాను. తర్వాత పెళ్లి, పిల్లలు, అడవికెళ్లి అడ్డాకు కోసుకురావడం, గడప ముందు కూర్చుని విస్తళ్లు కుట్టడం. మనవరాలు ఒకటో తరగతిలో చేరినప్పుడు దాని పక్కన కూర్చుని నేనూ అ ఆలు దిద్దాను. అది రెండో తరగతికి వెళ్లిపోయింది. నేను గుణింతాల దగ్గర చాలా కాలం ఆగిపోయాను.

అక్షరాలు కుదిరాక కూడా ఇది రాయలేదు. దానికి కారణం మా వియ్యపురాలు. నా కూతుర్ని ఇచ్చింది ఆమె కొడుక్కే. నేనేం రాసినా మనవరాలు తీసుకెళ్లి వాళ్ల నానమ్మకు చదివి వినిపిస్తుంది. "నా గురించి రాయకుంటే ఊకుంట. రాస్తే మాత్రం మంచిగ రాయాలె" అని ఆమె షరతు పెట్టింది. ఆమె గురించి మంచిగా రాయడం నాకు చేతకాక ఇన్నాళ్లు ఆగాను. పోయిన నెల ఆమే దిగి వచ్చింది. "ఉన్నదున్నట్టే రాయి వదినె. కానీ అందరి పేర్లు రాసి నా పేరొక్కటి ఎగ్గొట్టినవనుకో, చూస్కో" అంది. అందుకే ఎవరి పేరూ రాయడం లేదు.

కొత్తగా పనుల్లో చేరుతున్న ఆడపిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. ఇంగ్లీషులో అడిగితే భయపడకండి అని చెప్పడానికి కాదు. భయపడండి, తప్పులేదు. నేనూ భయపడ్డాను. కాకపోతే నా భయం ఇంగ్లీషు గురించి కాదని ఆ రోజు దాకా నాకే తెలియదు.

మాది భద్రాచలం అడవి అంచు పల్లె. ఇంట్లో కోయ మాట, బయట తెలుగు. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో మా సంఘం వాళ్లు అడ్డాకు పళ్లేలు చేసే మిషన్లు పెట్టారు. ఆకును ఎండబెట్టి కట్టలు కడతాం. పనికి ముందు నీళ్లు చిలకరించి మెత్తబరుస్తాం. వెదురు పుల్లలతో కుట్టిన ఆకును వేడి అచ్చు మీద పరిచి పిడి లాగితే అంచు లేచిన పళ్లెం వస్తుంది. మిషన్‌కు ఇద్దరు. ఒకరు ఆకు పరచాలి, ఒకరు పిడి లాగాలి. నా జత వియ్యపురాలు. మమ్మల్ని ఎవరూ జత చెయ్యలేదు. మా ఇద్దరి నోటికీ తట్టుకుని పక్కన కూర్చునేవాళ్లు దొరక్క అలా మిగిలిపోయాం.

మా ఇద్దరికీ మోకాళ్లు అరిగిపోయాయి. మా పల్లెలో మిగతా ఆడవాళ్లకు ఇది కాకపోతే ఇంకో పని ఉంది. మిరప కోతలకు పొద్దున్నే ట్రాలీ ఆటో వస్తుంది, ఎక్కి కల్లూరు వైపు పోతారు. అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటల్లోనూ పని దొరుకుతుంది. మేమిద్దరం వంగలేం, గంప మోయలేం. దవాఖానలో డాక్టరమ్మ నా మోకాలు నొక్కి చూసి, "కూర్చుని చేసే పనేదైనా చూసుకో" అంది. ఆ చుట్టుపక్కల కూర్చుని చేసే పని ఆ షెడ్డులోది ఒక్కటే.

ఈ సంగతి జరిగిన ఏడు, మిరప కోతల కాలంలోనే షెడ్డుకు ఆర్డర్లు నిలిచిపోయాయి. చేసిన పళ్లేలు కట్టలు కట్టలుగా గోడ వెంట పేరుకున్నాయి. ఇంకో ఆర్డర్ రాకపోతే మిషన్ల మీద పరదాలు కప్పేస్తామని మేనేజర్ సారు చెప్పేశాడు. ఆయనది సత్తుపల్లి వైపు. మంచివాడే, కానీ కంగారు మనిషి. ఫోన్ మోగితే లేచి నిలబడి మాట్లాడతాడు.

అప్పుడు ఒక కబురు వచ్చింది. విదేశంలో పళ్లేల వ్యాపారం చేసే ఒకామె మన పళ్లేలు కొనాలనుకుంటోందట. ఆమెకు ఒక పద్ధతి ఉందట. కొనే ముందు పనిచేసే చోటికి తనే వస్తుంది. పనిచేసే ఆడవాళ్లలో ఒకరిని పిలిచి, మేనేజర్ లేకుండా, మధ్యలో తెలుగు చేసి చెప్పేవాళ్లు లేకుండా నేరుగా మాట్లాడుతుంది. ఎక్కడ పనిచేస్తావు, ఎవరితో చేస్తావు, ఎవరి కోసం చేస్తావు అని అడుగుతుంది. జవాబు నచ్చితే ఆర్డర్, లేకపోతే లేదు.

మాకు ఇంగ్లీషు నేర్పడానికి సంఘం వాళ్లు మధిర వైపు నుంచి ఒక అమ్మాయిని కుదిర్చారు. నా కూతురి కంటే చిన్నది. మేమంతా టీచరమ్మా అనేవాళ్లం. ఆర్డర్ వస్తే ఆమెను సంఘంలోనే ఉంచుకుంటామని మేనేజర్ మాటిచ్చాడట. అందుకని మాకంటే ఆమెకే ఎక్కువ కంగారు.

"అమ్మా, ఇంగ్లీషులో పని గురించి చెప్పాలంటే ఈ చిన్న మాటలు వస్తే చాలు" అని బోర్డు మీద రాసింది. ఇన్, ఎట్, ఆన్, విత్, ఫర్, అండర్. మాటలు చిన్నవే, కానీ వాటి నడక వేరు. షెడ్డులో, మిషన్ మీద, వదినెతో అని మన చిన్న మాటలు వెనకాల నడుస్తాయి. కోయలోనూ అంతే. ఇంగ్లీషులో అవి ముందు నడుస్తాయి. బతుకంతా మేకల వెనక నడిచినదాన్ని మేకల ముందు నడవమన్నట్టయింది నా పని.

"ఐ వర్క్ ఎట్ ద షెడ్ అనండమ్మా."

"షెడ్ల కూసొనే కదా చేస్తున్నం. మరి ఇన్ ఎందుకు కాదు?" అంది వియ్యపురాలు.

"ఇన్ కూడా అనొచ్చమ్మా."

"రెండూ అనొచ్చా? మరి ఏది తప్పు?"

టీచరమ్మ ఆలోచించింది. "ఆన్ ద షెడ్ అనకూడదు. అంటే షెడ్డు పైకప్పెక్కి పనిచేస్తున్నట్టు."

"మరి ఆన్ ద మిషన్ అనమన్నవ్ కదా పొద్దున. నేను మిషనెక్కి కూసుంటున్ననా? అది కాలుతది బిడ్డా!"

మేమంతా నవ్వితే టీచరమ్మ కూడా నవ్వింది కానీ, ఆమె నవ్వులో ఏడుపు కలిసి ఉంది. మర్నాడు అండర్ నేర్పింది. అండర్ అంటే కింద, ఎవరి కింద పనిచేస్తున్నారో చెప్పాలి అంది. వియ్యపురాలు లేచి నిలబడి, "ఐ వర్క్ అండర్ ఫ్యాన్" అని చెప్పి కూర్చుంది. తప్పని ఎవరూ అనలేకపోయారు.

బట్టీ పడితే నాకు నిలవలేదు. అందుకని ఒక్కో మాటకు ఒక్కో చుట్టాన్ని కట్టేశాను. ఇన్ అంటే ఇల్లు కదలని ముసలమ్మ. ఎట్ అంటే గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడి వెళ్లిపోయే పక్కింటామె. ఆన్ అంటే చంకెక్కితే దిగని మనవరాలు. అండర్ అంటే అత్త చేతి కింద కోడలు. విత్ అంటే, ఇంకెవరు, వియ్యపురాలు. ఫర్ అంటే మనం ఎవరి కోసం సద్ది కడతామో వాళ్లు. ఇలా పెట్టుకున్నాక తడబాటు తగ్గింది. టీచరమ్మ అడిగిన వాటికి నేను ఒక్కదాన్నే తడుముకోకుండా చెప్పగలిగాను. వచ్చే ఆమెతో మాట్లాడాల్సింది నేనే అని తేల్చేశారు.

"గామె ముంగట నోరు పడిపోతే ఏం చేస్తవ్?" అని అడిగింది వియ్యపురాలు ఆ సాయంత్రం, ఇంటికి నడుస్తుండగా.

"నీ ముంగట పడలే. ఆమె ముంగట పడ్తదా?" అన్నాను. పైకి అన్న మాటే అది. తప్పు చెబితే పోయేది నా పని ఒక్కటే కాదు. పక్కన కుంటుకుంటూ నడుస్తున్న ఈమె పని కూడా.

చెప్పిన రోజు రానే వచ్చింది. కారు దిగినామె పొడుగ్గా ఉంది, ఎండకు మొహం కందిపోయింది, తల మీద గొడుగంత టోపీ. మేనేజర్ సారు కొబ్బరి బోండాలు తెప్పించి పెట్టాడు కానీ, కత్తికి పదును లేదు. ఆయన బోండాంతో కుస్తీ పడుతుంటే ఆ వచ్చినామె పెదాలు తడుపుకుంటూ నిలబడింది. వియ్యపురాలు చూసి చూసి, కుండలో నీళ్లు ఆకు దొప్పతో ముంచి తీసుకెళ్లి చేతికిచ్చింది. ఆమె గటగటా తాగేసింది.

అది చూడగానే నాకు చిక్కొచ్చి పడింది. ఎందుకో చెబుతాను.

మా పల్లెలో ఎవరితోనైనా మాట్లాడాలంటే ముందు వరస తెలియాలి. అక్కా, చెల్లా, వదినా అన్నది తేలకుండా పని మాట ఎత్తం. చుట్టరికం ఏమీ లేని ఆడమనిషి వస్తే దానికీ ఒక పద్ధతి ఉంది. వచ్చినామె మొదటి నీళ్లు ఎవరి చేతితో తాగితే వాళ్ల ఇంటి ఆడపడుచు. అంటే ఈ టోపీ ఆమె ఇప్పుడు మా వియ్యపురాలికి చెల్లెలైంది. వియ్యపురాలి చెల్లెలు నాకు ఏమవుతుంది? ఆమె కూడా వియ్యపురాలే. వియ్యపురాళ్లు మొదటిసారి కలిస్తే ఎగతాళి చెయ్యాలి, ఆఖరున నీళ్లు చల్లాలి. మర్యాదగా నమస్కారం పెట్టి ఊరుకుంటే, ఈ సంబంధం నాకు ఇష్టం లేదని మొహం మీద చెప్పినట్టు.

టీచరమ్మ నేర్పింది వేరు. చిరునవ్వు నవ్వాలి, వెల్కమ్ మేడం అనాలి, చేతులు ఒళ్లో పెట్టుకోవాలి.

మిషన్ దగ్గర స్టూలు మీద నేను కూర్చున్నాను. ఎదురుగా ఆమె కూర్చుంది. మేనేజర్, టీచరమ్మ బయట తలుపు దగ్గర నిలబడ్డారు. పని ఆగకూడదని ఆ వచ్చినామే అనడంతో వియ్యపురాలు నా పక్కనే ఆకులు పరుస్తూ ఉంది. ఆమె చేతులు ఆకుల మీద ఉన్నాయి, కళ్లు నా మీద ఉన్నాయి.

"వేర్ డూ యూ వర్క్?" అని అడిగింది టోపీ ఆమె, మెల్లగా, ఒక్కో మాట విడదీసి.

నాకు జవాబు తెలుసు. ఇన్, ఎట్ రెండూ నాలుక మీదే ఉన్నాయి. కానీ నోరు తెరుచుకోలేదు. వరస తీర్చకుండా పని మాట ఎలా చెప్పను? ఆమె మళ్లీ అడిగింది. తలుపు సందులో టీచరమ్మ పెదాలు కదుపుతూ నాకు జవాబు అందిస్తోంది. మేనేజర్ సారు కళ్లు మూసుకున్నాడు.

"ఏందే వదినె" అంది వియ్యపురాలు కోయలో, తలెత్తకుండా. "నా చెల్లె నీ ఇంటి ముంగటికి వస్తే రాయి లెక్క కూసున్నవ్. మా వాళ్లు నీ కంటికి ఆనతలేరా?"

ఇక తప్పలేదు. నాకు వచ్చిన ఇంగ్లీషంతా పని గురించినదే, ఎగతాళి కూడా దాంతోనే చెయ్యాలి. ఆమె టోపీ వైపు చూశాను. మిషన్ వేడికని పెట్టిన ఫ్యాన్ గాలికి అది ఎగిరిపోకుండా, వచ్చిన దగ్గర్నుంచీ ఒక చేత్తో పట్టుకునే ఉంది.

"మేడం" అన్నాను. "హ్యాట్ వర్క్ ఫర్ యూ? ఆర్, యూ వర్క్ ఫర్ హ్యాట్?"

ఆమె టోపీని రెండో చేత్తో కూడా పట్టుకుంది. అర్థం తెలియకపోయినా నా గొంతు పోకడను బట్టి సంగతి గ్రహించిన వియ్యపురాలు పకపకా నవ్వింది. ఆ నవ్వుతో నాకు ధైర్యం వచ్చింది. ఆకులు తడిపే బేసిన్‌లో చెయ్యి ముంచి, ఆమె మొహం మీద చల్లాను. కొంచెమే చల్లాలనుకున్నాను. ఆకుల మీద చల్లీ చల్లీ అలవాటైన చెయ్యి కదా, అది తన కొలత ప్రకారం చల్లింది.

ఆమె కళ్లద్దాల మీద నుంచి నీళ్లు కారుతున్నాయి.  తలుపు ధడేలుమని తెరుచుకుంది.

"ఏంటమ్మా ఇది! ఏం చేశావు!" అంటూ మేనేజర్ సారు లోపలికి దూసుకొచ్చి మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు, చేతిలో ఇంకా ఆ సగం కొట్టిన బోండాంతోనే. "సారీ మేడం, వెరీ సారీ, చదువుకోని ఆడవాళ్లు..."

ఆమె ఆయన్ని పక్కకు తప్పుకోమన్నట్టు చెయ్యి ఊపి, టీచరమ్మను ఏదో అడిగింది. ఉద్యోగం పోయిందనే అనుకుంది ఆ పిల్ల. క్షమాపణ చెప్పేసి ఉంటే ఆమె తప్పు ఏమీ ఉండేది కాదు. కానీ ఆమెదీ మన వైపే కదా, మధిరలో మాత్రం వియ్యపురాళ్లు పువ్వులతో కొట్టుకుంటారా? కుండ చూపించింది, దొప్ప చూపించింది, వియ్యపురాలిని చూపించింది, నన్ను చూపించింది. నాకు అర్థమైనవి సిస్టర్, మ్యారేజ్, వాటర్ అన్న మాటలే. చాలాసేపే చెప్పింది.

అంతా విని టోపీ ఆమె వియ్యపురాలి వైపు తిరిగింది. "సిస్టర్?" అంది.

"అవ్" అంది వియ్యపురాలు, గుండె మీద చెయ్యేసుకుని. "నా చెల్లె. ఈమెతోని జాగ్రత్త. మా ఇంటి మీద పడి బతుకుతున్నది."

ఈ చివరి రెండు మాటలూ టీచరమ్మ ఇంగ్లీషులో చెప్పిందో లేదో తెలియదు. ఆమె టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. చెయ్యి బేసిన్‌లో ముంచింది. నా మీదికే చల్లింది, కానీ మేనేజర్ సారు సరిగ్గా అప్పుడే ఇంకోసారి సారీ చెప్పడానికి ముందుకు వంగాడు. నీళ్లన్నీ ఆయన చొక్కా మీదే పడ్డాయి. ఆయన చొక్కా దులుపుకుని, థాంక్యూ మేడం అని చెప్పి బయటికి వెళ్లిపోయాడు.

వరస తేలిపోయింది. ఇక మాటలకు అడ్డం లేదు. ఆమె మళ్లీ మొదటి నుంచి అడిగింది. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఐ వర్క్ ఎట్ ద షెడ్. ఇన్ పళ్లెం గ్రూప్. ఆన్ దిస్ మిషన్. విత్ దిస్ ఉమన్, అని వియ్యపురాలిని చూపించి, నో గుడ్ వర్క్, ఓన్లీ టాక్, అని నా సొంతంగా ఒక ముక్క కలిపాను. ఆమె తల ఊపుతూ వింది.

"అండ్ హూ డూ యూ వర్క్ ఫర్?"

టీచరమ్మ నేర్పిన జవాబు ఫర్ ద సొసైటీ, అంటే సంఘం కోసం. వారం రోజులు చెప్పించింది. కానీ నేను ఫర్ అన్న మాటకు కట్టుకున్నది ఎవరి కోసం సద్ది కడతామో వాళ్లని. నేను సంఘానికి ఏనాడూ సద్ది కట్టలేదు. ఆమె నా ఇంటి మనిషయ్యాక అబద్ధం ఎలా చెప్పను? నన్ను ఈ పనిలో కూర్చోబెట్టింది మోకాళ్లే, మోకాలికి ఇంగ్లీషులో నీ అని పేరు. రెండు మోకాళ్ల మీద చేతులు వేసి, "ఫర్ నీ" అన్నాను. "మై నీ, హర్ నీ. నో నీ, నో చిల్లీ ఫీల్డ్. ఓన్లీ దిస్ వర్క్."

ఆమె నవ్వలేదు. లేచి వచ్చి నా స్టూలు చూసింది. వంగి దాని కాళ్లు చూసింది. నా వెనక ఆనుకోవడానికి ఏమీ లేదని చెయ్యి గాల్లో అటూ ఇటూ ఊపి చూసుకుంది. తర్వాత నా స్టూలు మీద తనే కూర్చుని, పిడి పట్టుకుని, వియ్యపురాలు పరిచిన ఆకును నొక్కింది. ఇంకోటి నొక్కింది. కొన్ని నొక్కేసరికి నడుము పట్టుకుని లేచింది.

ఆఫీసు గదిలో మేనేజర్‌తో చాలాసేపు మాట్లాడింది. మేము షెడ్డులోనే ఆకులు పరుస్తూ, నొక్కుతూ ఉన్నాం. ఇద్దరం మాట్లాడుకోలేదు. అదే మొదటిసారి కావచ్చు. కారు వెళ్లిపోయాక టీచరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"వచ్చిందమ్మా! ఆర్డర్ ఇచ్చింది! వానాకాలం దాకా పనే పని!" ఊపిరి తీసుకుని మళ్లీ అంది. "కానీ అమ్మా, ఫర్ మై నీ అనకూడదమ్మా. అక్కడ ఫర్ రాదు."

"నాకు వచ్చింది కదా బిడ్డా" అన్నాను.

"ఒక షరతు కూడా పెట్టింది. మిషన్ దగ్గర కూర్చునే అందరికీ వీపు ఆనుకునే కుర్చీలు వెయ్యాలంట. కుర్చీల ఫోటో పంపితేనే డబ్బు పంపుతానంది."

మేనేజర్ సారు తడి చొక్కాతోనే ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. కుర్చీలు ఖమ్మం నుంచి రావాలి, వారం పడుతుంది. కానీ ఆయన కంగారు మనిషి కదా, ఫోటో తీసి పంపడానికి జల్దీ ఒకటి కావాలని సారపాక నుంచి ఆటోలో తెప్పించాడు. మేము ఇంటికి బయల్దేరే వేళకు దాన్ని దించారు. ప్లాస్టిక్ కుర్చీ. చేతులున్నది, వెనక ఎత్తుగా వీపున్నది, ఇంకా కవరు కూడా విప్పలేదు. దాన్ని మా మిషన్ దగ్గరే పెట్టి ఫోటో తీశాడు.

మిషన్‌కు మేం ఇద్దరం. కుర్చీ ఒకటి. దాన్ని నేను చూశాను. వియ్యపురాలు చూసింది. ఒకరినొకరం చూసుకోలేదు. దారిలో ఆమె ఆర్డర్ గురించి మాట్లాడింది, ఇంటి దగ్గర కోడిపెట్ట గురించి మాట్లాడింది, కుర్చీ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే లేచాను. కట్టెలపొయ్యి కూడా వెలిగించలేదు. ముందు రాత్రి గంజి తాగేసి, మిరప తోటల ఆటో రాకముందే ఇంట్లోంచి బయటపడ్డాను. మోకాళ్లు ఆ రోజు నా మాట బాగా విన్నాయి. షెడ్డు తలుపు తీసే ఉంది. లోపల వియ్యపురాలు కుర్చీలో కూర్చుని ఉంది. కవరు విప్పనే లేదు, దాని మీదే కూర్చుంది. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టుకుని, జిల్లా కలెక్టరులా.

"దిగు వదినె" అన్నాను. "ఇంగ్లీష్ మాట్లాడింది నేను."

"నీళ్లిచ్చింది నేను" అంది. "నా చెల్లె పంపిన కుర్చీ ఇది. ఆడపడుచు సొమ్ము నీకెట్ల వస్తది?"

వరసలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. బేసిన్ నింపి, ఆకులు తడిపాను. ఆ తడిపేటప్పుడు కుర్చీ వైపు కూడా కొంచెం చల్లాను. తర్వాత పిడి లాగి కొత్త ఆర్డరుకు మొదటి పళ్లెం నొక్కాను. కళ్లు కుర్చీ మీదే ఉన్నాయేమో, అది వంకర వచ్చింది.